చేయెత్తిన బాటసారి

జువ్వలదిన్నె నుండి బిట్రగుంట వైపు పోయే బాటలో ఒక ప్రొద్దుటిపూట కాసేపు నిలుచున్నవారికి 'లిఫ్టు' అనే మాటకు ఎన్ని అర్థాలున్నవో నిఘంటువు లేకుండానే బోధపడుతుంది. పాశ్చాత్యుడు బొటనవ్రేలు చూపుతాడు. మనవాడు అరచేయి క్రిందికి వాల్చి రెండు మారులు ఊపుతాడు. పుస్తకాల సంచితో బడిపిల్లవాడు చేయెత్తితే అది అభ్యర్థన. ఊరిపెద్ద ఎత్తితే ఆజ్ఞ. దిగేటప్పుడు పది రూపాయలు చేతిలో పెడితే అది బేరమే గాని లిఫ్టు కాదు. వెనుకటి రోజులలో ఎద్దుబండి వెనుక పిల్లలు వ్రేలాడుతూ ఉంటే, తెలిసీ తెలియనట్లు తోలేవాడే, ఆ బండివాడిది బహుశా శుద్ధమైన లిఫ్టు.

ఎవరిని ఎక్కించుకోవాలో బండివాడి చూపు నిర్ణయిస్తుంది. ఈ చూపును కొన్ని దేశాలలో ప్రభుత్వమే దారిలో పెట్టజూసింది. పోలండులో 1950ల చివర బాటసారులకు కూపన్ల పుస్తకాలు ఇచ్చారు. కూపన్లు కూడబెట్టిన డ్రైవర్లకు బహుమతులు. క్యూబాలో 1990లలో చమురు కరవు వచ్చినప్పుడు పసుపుపచ్చ దుస్తుల ఉద్యోగులు రోడ్డుమీద నిలిచి, ప్రభుత్వ వాహనాలను ఆపి, ఖాళీ ఉన్నంతవరకు జనాన్ని ఎక్కించారు. మన బాటమీద అటువంటి ఉద్యోగి లేడు.

ఒకనాడు బస్సు తప్పి నేనూ చేయెత్తాను. ఒక చిన్న సరకు బండి ఆగింది. "రండి సారూ, ముందు కూర్చోండి" అని డ్రైవరు తన ప్రక్క చోటు తుడిచి ఇచ్చాడు. కొంత దూరాన ఒక పట్టపు ముసలమ్మ, చేపల గంప ప్రక్కన పెట్టుకొని, చేయెత్తింది. బండి ఆపినందుకు సంతోషించాను. ఆమె గంపతో వెనుక ఎక్కింది. బిట్రగుంటలో నేను డబ్బు తీయగా, "మీ దగ్గరా సారూ!" అని డ్రైవరు నొచ్చుకొన్నాడు. వెనుకకు పోయి ముసలమ్మ వద్ద ఇరవై రూపాయలు పుచ్చుకొన్నాడు. నెలజీతగానికి ఉచితం, గంప మోసేదానికి కిరాయి! నేను ఆనాడు నోరెత్తలేదు.

తరువాత ఒక వకీలు మిత్రుడు చెప్పగా తెలిసినది మరీ వింత. సరకు బండిలో ఊరికే ఎక్కినవారికి ప్రమాదం జరిగితే బీమా కంపెనీకి బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002లో తేల్చింది. కాని 1988 నాటి మోటారు వాహనాల చట్టానికి 1994లో జరిగిన సవరణ, సరకుతోపాటు పోయే సరకు యజమానికి రక్షణ కల్పించింది. అదీ ముందు డ్రైవరున్న భాగంలో కూర్చుంటేనే అని 2007 నాటి తీర్పు. అనగా ఆ బండిలో ధర్మంగా ముందు చోటు చేపల యజమానురాలిది. అక్కడ కూర్చున్న తెలుగు పంతులుకు చట్టంలో చోటే లేదు!

మరల ఆ దారిన పోయినప్పుడు అదే బండి, అదే ముసలమ్మ. దిగి, నా చోట కూర్చోమన్నాను. డ్రైవరు నవ్వాడు. ఆమె మాత్రం నవ్వలేదు. గంప అంచు రెండు చేతులా పట్టుకొని, "నేను ముందుకొస్తే గంపనెవురు పట్టుకుంటారయ్యా?" అన్నది.