ముద్ద ఆవిడనే కలుపుకోనివ్వండి!

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఆస్పత్రిలో చేరితే సేవకు లోటుండదు. కొడుకు కాళ్ళు పడతాడు, కోడలు ముద్దలు కలిపి నోట్లో పెడుతుంది, మనవరాలు మూతి తుడుస్తుంది. చూసేవారికి ముచ్చటగానే ఉంటుంది. చిక్కల్లా ఆ ముచ్చటలోనే ఉంది.

మా మేనత్తకు 76 ఏళ్ళు. న్యుమోనియాతో ఆస్పత్రిలో చేరేనాటిదాకా తెల్లవారుజామునే లేచి తన కాఫీ తానే కాచుకునేది. నాలుగు రోజుల్లో జ్వరం తగ్గింది. అయినా మంచం దిగబోతే "పడిపోతారు, పడుకోండి మామ్మగారూ" అని నర్సు. "నేనున్నాగా, లేవకండి అత్తయ్యా" అని కోడలు. కళ్ళజోడు సంచీలో, చెప్పులు మంచం కింద! తొమ్మిదోనాడు నేను చూడబోయి, "మంచినీళ్ళు కావాలా అత్తా?" అంటే ఆవిడ కోడలి ముఖంకేసి చూసింది. తనకు దాహమైందో లేదో కోడలే చెప్పాలి కాబోలు!

మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీన్ని "నేర్చుకున్న నిస్సహాయత" అంటారు. 1967లో అమెరికాలో సెలిగ్మన్, మేయర్ అనే ఇద్దరు ఒక పరిశోధన ప్రచురించారు. తప్పించుకునే దారిలేకుండా విద్యుత్ షాకులు తిన్న కుక్కలు, తరువాత చిన్న అడ్డు దూకితే చాలునన్నా దూకక, చాలావరకు అలాగే పడి ఉన్నాయట. మా అత్తకు షాకులెవరిచ్చారు, అన్నమేగా పెట్టారు అంటారా? పాఠం మాత్రం ఒకటే: నేను చేసినా మానినా జరిగేది జరుగుతుంది.

మనస్సుతోపాటు ఒళ్ళూ పోతుంది. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులనే 10 రోజులు మంచం మీద ఉంచి చూస్తే, కాళ్ళలో దాదాపు కిలో కండ కరిగిందని 2007లో ప్రకటించారు. ఇక జబ్బుమనిషి సంగతి చెప్పాలా?

మర్నాడు ఒక పెద్ద నర్సమ్మ వచ్చి, అత్తను కుర్చీలో కూర్చోబెట్టి, పళ్లెం ముందుపెట్టి, కోడల్ని కాఫీకి పంపేసింది. గడుసుది! అత్త అన్నం కలుపుకోవటానికి అరగంట పట్టింది. సగం చీరమీదే పడింది. కాని "ఈ చారులో ఉప్పేదీ?" అని గట్టిగా అడిగింది. అన్ని రోజుల్లో అదే మొదటి ఫిర్యాదు.

కనెక్టికట్‌లోని ఒక వృద్ధుల ఆశ్రమంలో లాంగర్, రోడిన్ అనే పరిశోధకురాళ్ళు 1976లో ప్రచురించిన ప్రయోగమూ ఇటువంటిదే. ఒక అంతస్తువారికి మొక్క ఎంచుకుని మీరే పెంచుకోండన్నారు. రెండో అంతస్తువారికీ మొక్కలిచ్చారు గాని, నీళ్ళు నర్సులే పోశారు. మూడు వారాలకు మొదటివారిలోనే ఎక్కువ హుషారు కనిపించింది.

అలాగని తల తిరిగేవారిని, తుంటి విరిగినవారిని లేపి నడిపించమనటం లేదు. డాక్టరుగారు రాగానే "ఇంటికెప్పుడు పంపుతారు?" అని అడుగుతాం గదా, "ఈవేళ మంచం దిగవచ్చునా? ఎంతదూరం నడవవచ్చు? తోడు ఎవరుండాలి?" అని కూడా అడగండి. ఆ అడిగేదేదో, వీలయితే, పెద్దవారినే అడగనివ్వండి.