చెక్కు వద్దు... ఆటే ముద్దు!

అరకు దాటి డుంబ్రిగుడ వైపు వెళ్తుంటే ఒకపక్క మెట్లు మెట్లుగా పొలాలు, మరోపక్క చాపరాయి బండల మీద జారే నీళ్లు. కొండలెక్కి దిగడం అలవాటైన పిల్లలకు ఇక్కడ కొదవలేదు. కానీ వాళ్లలో ఎవరికైనా గోల్ఫ్ ఆడాలనిపిస్తే? ఘాట్‌రోడ్డు దిగి, వందకు పైగా కిలోమీటర్లు ప్రయాణించి విశాఖపట్నంలోని ఈస్ట్‌పాయింట్ గోల్ఫ్ క్లబ్‌కు చేరాలి. చేరినా కర్ర పట్టించేదెవరు? బంతి కొట్టడం నేర్పేదెవరు? 'పెద్దింటి ఆట' అన్న పేరు ఊరికే రాలేదు మరి!

ఆ పేరున్న ఆటలోనే, నేర్పేవాళ్లు దొరికితే ఒక అమ్మాయి ఎంత దూరం వెళ్లగలదో చూపించింది మేఘా గన్నె. ఇంటిపేరు వినగానే మనమ్మాయిలా అనిపించే ఈ భారతీయ సంతతి క్రీడాకారిణి పెరిగింది అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, హోమ్‌డెల్‌లో.

బ్రాంక్స్‌లో తొలి పాఠాలు

మేఘ ఆటకు పదును పెట్టింది ఖరీదైన క్లబ్బు కాదు. న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో మొషోలు అనే మైదానం ఉంది. తొమ్మిది హోల్స్ మాత్రమే ఉన్న పబ్లిక్ కోర్సు అది. పిల్లలకు గోల్ఫ్ నేర్పే 'ఫస్ట్ టీ' సంస్థ అక్కడ శిక్షణ ఇస్తుంది. ఆ సంస్థకు చెందిన కోచ్ కేటీ రుడాల్ఫ్ దగ్గరే మేఘ ఓనమాలు దాటి ఒడుపులు నేర్చుకుంది. 2019లో, పదిహేనేళ్ల వయసులో, అమెరికా మహిళల అమెచ్యూర్ పోటీల్లో సెమీఫైనల్ దాకా వెళ్లింది.

అసలు సంచలనం 2021 జూన్‌లో. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒలింపిక్ క్లబ్‌లో అమెరికా మహిళల ఓపెన్. ప్రపంచంలోని మేటి ప్రొఫెషనల్స్ అంతా బరిలో ఉన్నారు. తొలిరోజు 67 స్ట్రోకులతో ఇంగ్లండ్ క్రీడాకారిణి మెల్ రీడ్‌తో కలిసి అగ్రస్థానంలో నిలిచింది ఎవరో తెలుసా? పదిహేడేళ్ల ఈ హైస్కూలు విద్యార్థిని! చివరిరోజు చివరి బృందంలో లెక్సీ థాంప్సన్, యుకా సాసోల పక్కన నడిచింది. ఆ రోజు ఆట కలిసిరాలేదు. కప్పు సాసోకు దక్కింది. మేఘ ఉమ్మడిగా పద్నాలుగో స్థానంలో నిలిచి, ఉత్తమ అమెచ్యూర్‌గా పతకం అందుకుంది.

మరి బహుమతి సొమ్ము? ఒక్క డాలర్ కూడా లేదు! ప్రొఫెషనల్ అయితే ఆ స్థానానికి పెద్ద చెక్కే వచ్చేది. అమెచ్యూర్‌గా ఉన్నవాళ్లు దాన్ని ముట్టుకోకూడదు. మేఘ తొందరపడి ప్రొఫెషనల్‌గా మారిపోలేదు. 2022లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో చేరింది.

జట్టు నేర్పిన పాఠం

గోల్ఫ్ ఒంటరి ఆట అంటారు. కాలేజీ గోల్ఫ్ అలా కాదు. జట్టు పోరులో ఐదుగురు ఐదుగురితో తలపడతారు. ముగ్గురు గెలిస్తేనే జట్టు గెలిచినట్టు. తాను బాగా ఆడితే చాలదు. పక్క మైదానంలో పోరాడుతున్న తోటి అమ్మాయి కూడా నిలబడాలి.

స్టాన్‌ఫర్డ్ జట్టును నడిపే కోచ్ ఆన్ వాకర్‌ది స్కాట్లాండ్. ఒకప్పుడు ఆమే కాలేజీ క్రీడాకారిణి. 2012లో బాధ్యతలు చేపట్టి 2015, 2022, 2024లలో జట్టుకు జాతీయ టైటిళ్లు అందించారు. 2024లో 3-2తో యూసీఎల్‌ఏను ఓడించిన జట్టులో మేఘ కూడా ఉంది.

నాలుగేళ్ల ఓపిక ఫలించింది 2025 ఆగస్టులో. ఆరెగాన్ సముద్రతీరంలోని బాండన్ డ్యూన్స్... గాలి ఎటు మళ్లుతుందో తెలియని చోటు. అక్కడ జరిగిన అమెరికా మహిళల అమెచ్యూర్ ఫైనల్ 36 హోల్స్ పోరు. ఇంకా మూడు హోల్స్ మిగిలుండగానే నాలుగు హోల్స్ ఆధిక్యంతో బ్రూక్ బీర్‌మన్‌ను ఓడించింది మేఘ. 1895లో మొదలైన ఆ పోటీ విజేతల పట్టికలో గన్నె అన్న ఇంటిపేరు చేరింది!

తలుపు తీసేవాళ్లు కావాలి

న్యూజెర్సీ పిల్లకూ డుంబ్రిగుడ పిల్లకూ ఉన్న తేడాలు తక్కువేం కాదు. అక్కడ పబ్లిక్ కోర్సుంది, శిక్షణ ఇచ్చే సంస్థ ఉంది, కాలేజీలో కోచ్ ఉన్నారు. కానీ మన దగ్గరా ఒకసారి తలుపు తెరుచుకుంది కదా! 2014 మే 25న పదమూడేళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. గిరిజన కుటుంబంలో పుట్టి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకున్న పిల్ల. ముందు భువనగిరి కొండ మీద తాడు పట్టించారు. ఆ తర్వాతే హిమాలయాలు.

ఈ పిల్లల కాళ్లలో సత్తువకు లోటు లేదు. సెలవుల్లో ఒక్కసారి విశాఖ మైదానం చూపించి, చేతికి కర్ర అందించే పెద్దలు దొరికితే... తొలి అడుగు పడినట్టే. కప్పుల సంగతి తర్వాత. ముందు ఆ పచ్చిక మీద ఓ కొండపిల్ల కొట్టిన బంతి గాల్లోకి లేవాలి!