ఊపిరితిత్తిలో కొంత భాగం తొలగించవలసి వచ్చినపుడు

“కోత లేకుండా మందిప్పించు సామీ” అని కోరుతూ, ఛాతీ శస్త్రచికిత్స తప్పదన్నవారు మా అనంతపురం జిల్లాలో అప్పుడప్పుడు నా వద్దకు వస్తుంటారు. గురుకులంలో చదువుకొన్న వైద్యుడను గనుక శస్త్రమును నిందింతునని వారు భావింతురు. కాని గుల్మరోగ చికిత్సలో, పక్వమైన దశలో అధికారము ధన్వంతరి సంప్రదాయమునకు చెందిన శస్త్రవైద్యులదేనని చరక సంహితయే చెప్పుచున్నది. తన హద్దు నెరుగుట వైద్యధర్మము.

కుడి ఊపిరితిత్తికి మూడు తమ్మెలు, ఎడమదానికి రెండు తమ్మెలు కలవు. ప్రతి తమ్మెకు వేరుగా శ్వాసనాళపు కొమ్మ, రక్తనాళములు ఉండుటచే చెడిన తమ్మెను మాత్రమే తీయుట సాధ్యము. దీనినే లోబెక్టమీ అందురు. తీసిన భాగము మరల మొలవదు. మిగిలిన భాగము వ్యాకోచించి ఖాళీని చాలవరకు నింపును.

1933లో అమెరికాలో ఎవార్ట్స్ గ్రాహం కాన్సరు సోకిన ఒక వైద్యునికి ఒక వైపు ఊపిరితిత్తిని పూర్తిగా తొలగించెను. ఆ రోగి ఆ తరువాత దాదాపు 30 సంవత్సరములు జీవించెను.

మన ప్రాంతమున ఈ చికిత్సకు క్షయతో సంబంధము ఎక్కువ. మదనపల్లె వద్ద ఆరోగ్యవరం శానిటోరియం 1915లో ప్రారంభమైనపుడు క్షయకు మందు లేదు. విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, మంచి గాలి మాత్రమే ఆధారము. 1940ల చివర రీవ్ బెట్స్ అను అమెరికన్ వైద్యుడు వెల్లూరులో ఛాతీ శస్త్రచికిత్సకు పునాది వేసెను. పిదప మందులు వచ్చినవి. ఇంటివద్ద మందులు వాడినను శానిటోరియంతో సమానముగా గుణము కలుగునని 1959లో మద్రాసు పరిశోధన నిరూపించెను. కావున నేడు క్షయకు కోత అరుదు.

మరి ఎప్పుడు అవసరము? మందులకు లొంగని క్షయ ఒకే చోట నిలిచినపుడు, పదేపదే అధికముగా రక్తము పడునపుడు, శ్వాసనాళములు శాశ్వతముగా వెడల్పై చీము చేరునపుడు, తొలిదశ కాన్సరులో అవసరము కావచ్చును. గొర్రెల పెంపకము గల మన సీమలో హైడాటిడ్ తిత్తి మరొక కారణము. దీనికి సాధారణముగా తిత్తిని మాత్రమే తీయుదురు. అరుదుగా తమ్మెనే తీయవలసి వచ్చును. కోసిన గొర్రె ప్రేగులు, కాలేయము కుక్కలకు వేయరాదు. కుక్కను తాకిన చేతులు కడుగక భుజింపరాదు.

క్షయకు సాహసము, వేగధారణము, ధాతుక్షయము, విషమాశనము అను నాలుగు కారణములు ఆయుర్వేదమున చెప్పబడినవి. వానలు లేక బెంగుళూరుకు కూలికి పోవువారిలో మితిమీరిన శ్రమ, వేళ తప్పిన తిండి రెండును కనిపించును. అట్టివారు క్షయ మందులను నడుమ మానుటయే పెద్ద ముప్పు. ఊరు విడుచుటకు ముందే ఆసుపత్రిలో తెలిపినచో, పోయిన చోట ప్రభుత్వాసుపత్రిలో ఉచితముగా కొనసాగించుకొనవచ్చును.

శస్త్రచికిత్సకు ముందు బీడీ, సిగరెట్టు పూర్తిగా మానవలెను. వాడుచున్న చూర్ణములు, లేహ్యములు అన్నియు శస్త్రవైద్యునికి చెప్పవలెను. కొన్ని రక్తస్రావమును పెంచవచ్చును. అనంతరము దిండును గాయముపై అదిమి పట్టుకొని దగ్గి కఫమును వెలువరింపవలెను. దగ్గును ఆపుకొనరాదు. వైద్యుడు చెప్పినట్లు దీర్ఘశ్వాస తీయుట, మెల్లగా నడచుట మేలు. కుంభకము, బరువులెత్తుట అనుమతి లేక చేయరాదు. జీర్ణశక్తి ననుసరించి రాగిజావ, పెసరకట్టు, పాలు, పిమ్మట సంకటి, పప్పు, ఉడికించిన వేరుశెనగ ఇవ్వవచ్చును. వేరుశెనగ నూర్పిడి దుమ్ముకు, పొయ్యి పొగకు రోగిని దూరముగా ఉంచవలెను.

కఫములో రక్తము పడినను, రెండు వారములు మించి దగ్గు నిలిచినను కషాయములతో కాలము గడుపక పరీక్ష చేయించుకొనుడు. తొలినాళ్ళలో తెలిసిన రోగమునకు కోతయే అక్కరలేకపోవచ్చును. కాలము మించిన పిమ్మట కోత కోరినను సాధ్యము కాకపోవచ్చును.