ఇన్‌ఫ్లేషన్ రుజువైందా?

"ఇన్‌ఫ్లేషన్ రుజువైంది" అని జవాబు పత్రాల్లో చాలామంది రాసేవారు. అక్కడ నేను మార్కు తగ్గించేవాణ్ణి. ఎందుకో చూద్దాం.

విశ్వం మొదలైన సుమారు 3,80,000 సంవత్సరాలకు వెలువడిన కాంతి నేటికీ అన్ని దిక్కుల నుంచీ మనకు చేరుతోంది. ఇదే విశ్వ సూక్ష్మతరంగ నేపథ్య వికిరణం. ఇప్పుడు దాని ఉష్ణోగ్రత 2.725 కెల్విన్. మన చలనం వల్ల కలిగే తేడాను తీసివేస్తే, దిక్కుకూ దిక్కుకూ మధ్య వ్యత్యాసం లక్షలో ఒక వంతు స్థాయిలోనే ఉంటుంది. కాంతి కూడా ఒకదాని నుంచి మరొకదానికి చేరే వ్యవధి లేని ప్రాంతాలకు ఇంత సమానత ఎలా వచ్చింది? తొలి సెకనులో అత్యల్ప భాగంలోనే విశ్వం విపరీతంగా వ్యాకోచించిందని, అంతకుముందు అవన్నీ దగ్గరగానే ఉండేవని 1981లో అలాన్ గూత్ ప్రతిపాదించాడు. ఇదే ఇన్‌ఫ్లేషన్. (దీన్ని ద్రవ్యోల్బణం అని అనువదించకండి, అది ధరలకు సంబంధించిన మాట.)

ఆ వ్యాకోచంలో పుట్టిన గురుత్వ తరంగాలు ఈ కాంతి ధ్రువణంలో సుడివంటి గుర్తును వదలాలి. అది దొరికిందని 2014 మార్చిలో దక్షిణ ధ్రువంలోని బైసెప్2 బృందం ప్రకటించింది. 2015లో ప్లాంక్ ఉపగ్రహ సమాచారంతో కలిపి పరిశీలించగా, ఆ సంకేతంలో ఎక్కువ భాగం మన గెలాక్సీలోని ధూళిదేనని తేలింది. సిద్ధాంతం తప్పని కాదు, ఆ రుజువు నిలవలేదు. 2021లో అక్కడి నుంచే వచ్చిన మరింత సున్నితమైన కొలతల్లోనూ ఆ గుర్తు కనిపించలేదు. కొన్ని సరళమైన ఇన్‌ఫ్లేషన్ నమూనాలను మాత్రం పక్కన పెట్టాల్సి వచ్చింది.