అద్దాల కిటికి ఫొటో కోసమా, వంటింటి కోసమా?

ఈ నడుమ ఊర్లల్ల కొత్త ఇల్లు మొదలువెట్టిన పోరగాళ్లు మేస్త్రికి ఫోన్ల ఒక ఫొటో సూపిస్తున్నరు. వంటింటి కిటికి గోడల ఉండకుంట పెట్టె లెక్క బయటికి పొడుచుకొచ్చి ఉంటది. ముంగట అద్దం, రెండు పక్కల అద్దం, పైన గూడ అద్దమే. లోపట అరల మీద తులసి, పుదీన, రంగురంగుల కుండీలు. దాన్నే గార్డెన్ విండో అంటరు. సూడంగనే మనసు పడుతది. అండ్ల తప్పేం లేదు. పచ్చటి మొక్క ముంగట నిలవడి వంట చేసుకోవాలె అనుకునుడు మంచి కోరికనే. గని మేస్త్రికి ఊ అనే ముందు కొన్ని లెక్కలు సూసుకోవాలె. నా మాటైతె ఒక్కటే: కిటికి ఎట్లుండాలెనో ఫోన్ చెప్పొద్దు, పొయ్యి కాడ నిలవడే మనిషి చెప్పాలె.

చలి దేశం కిటికి

అమెరికాల, కెనడాల చలి ఎక్కువ ఉన్న కాడ నెలల తరబడి ఎండ కోసం ఎదురుసూస్తరు. అక్కడ వంటింట్ల సింకు పైన గిట్లాంటి కిటికి పెట్టుకుంటె మూడు పక్కలకెళ్లి, పైకెళ్లి వెలుగు లోపటికి వస్తది. అద్దం గుణం ఏందంటె, ఎండను లోపటికి రానిస్తది, లోపట వేడెక్కిన వస్తువుల సెగను మాత్రం అల్కగ బయటికి పోనియ్యది. ఎండల నిలవెట్టిన కారు తలుపు తీస్తె మొఖానికి కొట్టే సెగ గదే. చలి దేశంల గా సెగ వరం.

మన దగ్గర లెక్క వేరే. హైదరాబాద్ భూమధ్యరేఖకు ఉత్తరంగ సుమారు 17 డిగ్రీల మీద ఉన్నది. అందుకే మన తెలంగాణల మే నెలల ఒకసారి, జూలై ఆఖరికో ఆగస్టు మొదట్లనో ఇంకోసారి మిట్టమధ్యాహ్నం పొద్దు సరిగ్గ నడినెత్తి మీదికి వస్తది. మామూలు కిటికికి గా ఎండ తాకది, ఎందుకంటె పైన సజ్జ అడ్డం ఉంటది. గార్డెన్ విండోకు పైకప్పే అద్దమాయె. రోహిణి కార్తెల రోళ్లు పగులుతయని మన పెద్దలు ఊకెనే అనలె. గా ఎండల అద్దాల పెట్టెల కొత్తిమీర పెడితె ఆకు పెట్టకుంట పూతకు పోతది, పుదీన వాడిపోతది. మొక్క సంగతి అట్లుంచితె, గదే సెగ పక్కన పొయ్యి వెలిగించుకొని రొట్టెలు చేసేది మన అమ్మనో, అక్కనో, పెండ్లామో.

ఏ దిక్కుకు పెడుతున్నరు?

మన ఊర్లల్ల వాస్తు సూసి వంటర్రను ఎక్కువగ ఆగ్నేయం మూలకు పెడుతరు. అంటె కిటికి తూర్పుకో దక్షిణానికో పడుతది. తూర్పైతె పొద్దుగాల ఎండ వస్తది, పగటాల్లకు పక్కలకెళ్లి తగ్గుతది. మొక్కలకు గిది మంచిదే. దక్షిణమైతె చలికాలం పొద్దు గా దిక్కుకే వాలుతది కాబట్టి డిసెంబర్‌ల మధ్యాహ్నం ఎండ నేరుగ లోపటికి వస్తది. ఎండకాలం ముంగట అద్దంల నుంచి ఎక్కువ రాదు గని, పై అద్దంల నుంచి దిగుతది. పడమర దిక్కుకు మాత్రం వద్దే వద్దు. మే నెలల మధ్యాహ్నం రెండింటి సంది పొద్దుగూకేదాక గా అద్దం కాలుతనే ఉంటది. అన్నిట్ల నెమ్మది ఉత్తరం. ఎండకాలం పొద్దుగాల, సాయంత్రం కొంచెం ఏటవాలుగ తాకుతది, అంతే.

సజ్జను గూడ లెక్కల పట్టుకోవాలె. కిటికి పెట్టె 15 అంగుళాలు బయటికి వచ్చి, దాని మీది సజ్జ 2 ఫీట్లు ఉంటె పై అద్దానికి నడినెత్తి ఎండ తగలది. మంచిదే. అయితె ఇగ పైన అద్దం ఎందుకు? సజ్జనే కప్పు అయితదిగద.

బరువు, గాలి, కోతులు

4 ఫీట్ల వెడల్పు, 3 ఫీట్ల ఎత్తు కిటికి 15 అంగుళాలు బయటికి వచ్చిందనుకోండ్రి. ముంగట, పక్కల, పైన కలిపి ఇంచుమించు 24 చదరపు ఫీట్ల అద్దం పడుతది. 5 మిల్లీమీటర్ల అద్దమైతె గదొక్కటే 28 కిలోలు. తడి మట్టితోని నిండిన 8 అంగుళాల కుండీ ఒక్కోటి తక్కువల తక్కువ 5 కిలోలు. అయిదు కుండీలు, ఫ్రేము కలిపితె 60 కిలోల దాక గోడకు ఏలాడుతది. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడకు కింద ఆధారం లేకుంట ఒట్టి స్క్రూలతోని బిగిస్తమంటె ఒప్పుకోవద్దు.

గాలి సంగతి ఇంకా పెద్దది. రెండు రెక్కల మామూలు కిటికి తెరిస్తె 12 చదరపు ఫీట్లు మొత్తం గాలికి వదిలినట్టే. గార్డెన్ విండోల ముంగట అద్దం కదలది, పక్క రెక్కలే తెరుసుకుంటయి. రెండూ తెరిసినా 7 చదరపు ఫీట్లకు ఎక్కువ రాదు, అదీ పక్కలకెళ్లి. ఎండు మిరపకాయల పోపు ఘాటు లేసినప్పుడు దీని విలువ తెలుస్తది.

ఇగ కోతులు. మన ఊర్లల్ల కోతులకు భయపడి జామచెట్టు కొట్టేసుకున్న ఇండ్లున్నయి. అద్దంల కనవడే పచ్చని మొక్క వాటికి పిలుపే. గ్రిల్ లేకుంట పెట్టలేరు, గ్రిల్ పెడితె ఫొటోల అందం ఉండది. మార్చి, ఏప్రిల్‌ల వడగండ్ల వాన పడితె మొదటి దెబ్బ పై అద్దానికే. టఫెన్డ్ గ్లాసును తయారైనంక కోయరాదు. పగిలితె కొలత పెట్టి కొత్తది చేయించాల్సిందే. పైకప్పుకైతె నడుమ పొర ఉన్న ల్యామినేటెడ్ గ్లాసే వాడాలె, పగిలినా పెంకులు మీద పడయి. పెట్టె గోడకు కలిసే కాడ సిలికాన్ ఎండకు పగుళ్లిస్తది, ఏటేటా వానలకు ముందు సూసుకోవాలె.

ఇంటికీ ప్రహరి గోడకూ నడుమ రెండు మూడు ఫీట్ల సందే ఉంటె, 15 అంగుళాలు ముందుకొచ్చిన పెట్టె నడిచేటోళ్ల తలకు తగులుతది. గిది గూడ యాదిల పెట్టుకోవాలె.

మరి ఏం చేద్దాం?

ఇందిరమ్మ ఇంటికి సర్కారు ఇచ్చేది 5 లక్షలు. గా పైసలల్ల ఇల్లు లేపేటోళ్లకు ప్రతి సంచి సిమెంటు లెక్కే. గసుంటోళ్లు అద్దాల పెట్టె జోలికి పోవద్దనే నేనంట. ఆశ సంపుకోమని కాదు, తక్కువల తీర్చుకునే తొవ్వ ఉన్నది.

మామూలు రెండు రెక్కల కిటికే పెట్టుండ్రి. పైన 2 ఫీట్ల సజ్జ పోయించుండ్రి. కిటికి అడుగున బయటికి ఒక ఫీటు కాంక్రీటు అర తియ్యమని మేస్త్రికి చెప్పుండ్రి. గోడ కిటికి అడుగు మట్టానికి రాకముందే చెప్పాలె, ఎందుకంటె అర కడ్డీలు గోడ లోపటికంటా పోవాలె. నీళ్లు బయటికి జారేటట్టు కొంచెం వాలు పెట్టాలె. చుట్టు గ్రిల్ పెట్టె బిగిస్తె కోతి రాదు. కిటికి తెరిస్తె గాలి నిండుగ వస్తది, చెయ్యి చాపితె పుదీన అందుతది.

ఉత్తరమో తూర్పో కిటికి ఉండి, సజ్జ పెద్దగుండి, చేతిల పైసలుండి, గాలికి ఇంకో కిటికి గూడ ఉంటె అద్దాల పెట్టె పెట్టుకోండ్రి, కాదనను. పట్నంల మూడో అంతస్తుల, మట్టే దొరకని కాడ ఉండేటోళ్లకు దాని విలువ ఎక్కువ. మనకైతె ఇంటెనుక మట్టి ఉన్నది. బురద అయితదని పెరడంత గచ్చు పోసి, కరివేపాకు చెట్టు పీకేసి, అయిదు మొక్కల కోసం అద్దాల పెట్టె కొనుడు ఏం లెక్క? నాలుగు ఫీట్ల జాగ మట్టిగ వదిలితె గదే తోట.

ఆర్డర్ ఇచ్చే ముందు ఒక్క దినం గా గోడ కాడ పొద్దుగాల ఎనిమిదింటికి, పన్నెండింటికి, నాలుగింటికి ఎండ ఎట్లున్నదో సూడుండ్రి. మీ ఇంట్ల రోజూ వంట చేసే మనిషిని గూడ గాడ నిలవెట్టి అడగండ్రి. ఆమె వద్దంటె, గా ఫొటోను ఫోన్లనే ఉంచుండ్రి.