మధుమేహ నియంత్రణలో అంతర్జాల సాధనాలు

మధుమేహం (చక్కెర వ్యాధి) గల వ్యక్తి తన రక్తంలోని చక్కెర, ఆహారం, మందులు, వ్యాయామం మొదలగు వివరాలను నమోదు చేసుకొనుటకు, వాటిని వైద్యునికి దూరం నుండే చేరవేసి సలహా పొందుటకు ఉపయోగపడే కంప్యూటరు, సెల్‌ఫోను ఆధారిత సాధనాలను మధుమేహ నియంత్రణలో అంతర్జాల సాధనాలు అనవచ్చును. సెల్‌ఫోను అప్లికేషన్లు, సంక్షిప్త సందేశాలు, వీడియో ద్వారా వైద్య సంప్రదింపులు, చర్మానికి అతికించుకొనే చక్కెర సెన్సర్లు ఈ కోవలోనికి వస్తాయి. ఇవి వైద్యునికి ప్రత్యామ్నాయం కావు. కొలత, సలహా, దానికి తగిన మార్పు అను మూడు అంశాలు ఒకదానికొకటి ముడిపడి ఉన్నప్పుడే వీటివలన మేలు కలుగుతుంది.

## నేపథ్యం

భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యంలో జరిగిన సర్వే ఫలితాలు 2023లో ప్రచురింపబడినవి. వాటి ప్రకారం దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నది. అనగా వయోజనులలో 11.4 శాతం. మరొక 13.6 కోట్ల మంది మధుమేహానికి ముందు దశలో ఉన్నారు.

ఈ వ్యాధి చాలాకాలం నొప్పి లేకుండానే కన్ను, మూత్రపిండం, నరములు, గుండె, పాదములను దెబ్బతీస్తుంది. రోగి వైద్యుని ఎదుట గడిపేది ఏడాదికి కొద్ది గంటలు మాత్రమే. ఏమి తినాలి, మాత్ర ఎప్పుడు వేసుకోవాలి, ఎంత నడవాలి అను నిర్ణయాలు ఇంటివద్ద ప్రతిదినం రోగి స్వయంగా తీసుకోవలసినవే. సికింద్రాబాదులోని గాంధీ ఆసుపత్రి వంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులకు జిల్లాల నుండి వచ్చే రోగులకు ఒక్కొక్క సంప్రదింపు వెనుక ఒక దినపు కూలి, రానుపోను ఖర్చులు ఉంటాయి. రెండు సంప్రదింపుల మధ్య గల ఈ ఖాళీని పూరించుటయే అంతర్జాల సాధనాల ముఖ్యోద్దేశం.

## సాధనాల రకాలు

* గ్లూకోమీటరు, అప్లికేషను: వేలికొనపై సూదితో గుచ్చి తీసిన రక్తపు బొట్టుతో చక్కెరను కొలుస్తారు. కొన్ని గ్లూకోమీటర్లు ఫలితాన్ని బ్లూటూత్ ద్వారా సెల్‌ఫోనుకు పంపుతాయి. పరగడుపున, భోజనానంతరం కొలిచిన విలువలను వేరువేరుగా చూచుకొనవచ్చును.
* నిరంతర చక్కెర సెన్సరు: దీనిని సాధారణంగా భుజం క్రింది భాగాన అతికిస్తారు. ఇది కొన్ని నిమిషాలకొకసారి, సుమారు 10 నుండి 15 రోజులపాటు చక్కెరను కొలుస్తుంది. ఇది కొలిచేది రక్తంలోని చక్కెరను కాదు, కణజాల ద్రవంలోని చక్కెరను. కావున చక్కెర వేగంగా మారుతున్నప్పుడు సెన్సరు విలువ కొన్ని నిమిషాలు వెనుకబడి ఉంటుంది.
* సంక్షిప్త సందేశాలు: మందుల వేళను, నడకను గుర్తుచేసే చిన్న సందేశాలు. వీటికి ఖరీదైన ఫోను అవసరం లేదు.
* దూరవైద్యం: వీడియో లేదా ఫోను ద్వారా వైద్యునితో సంప్రదించుట.
* ఆహార గణన సాధనాలు: తిన్న పదార్థంలోని పిండిపదార్థం, శక్తి ఎంతో లెక్కించేవి.

## ఆహార గణన, తెలుగు వంటకాలు

విదేశాలలో తయారైన అప్లికేషన్లలో రొట్టె, ఓట్సు వివరాలు ఉంటాయి గాని జొన్నరొట్టె, రాగిసంకటి, పెసరట్టు, గోంగూర పప్పు వివరాలు తరచుగా దొరకవు. దొరికినా కొలతలు మన ఇంటి గిన్నెలకు సరిపోవు. ఈ లోటు తీర్చుటలో సికింద్రాబాదు ప్రక్కనే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పాత్ర ముఖ్యమైనది. 1918లో కూనూరులో ఆరంభమైన ఈ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలించబడినది. ఈ సంస్థ 2017లో 528 ఆహార పదార్థాల పోషక విలువలతో భారతీయ ఆహార సంఘటన పట్టికలను వెలువరించినది. న్యూట్రిఫై ఇండియా నౌ అను సెల్‌ఫోను అప్లికేషనును కూడా ఈ సంస్థ విడుదల చేసినది.

ఏ అప్లికేషను వాడినప్పటికీ అన్నం పరిమాణాన్ని అంచనాగా కాక, ఇంట్లోని ఒకే కప్పుతో కొలిచి నమోదు చేయుట మంచిది.

## తెలుగు ప్రాంతాలలో పరిణామం

చిత్తూరు జిల్లా అరగొండ గ్రామంలో అపోలో సంస్థ నెలకొల్పిన దూరవైద్య కేంద్రాన్ని 2000 మార్చిలో అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించాడు. 2007లో ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో 104 నంబరుపై ఉచిత వైద్య సలహా సేవ మొదలైనది. తరువాత అదే పేరుతో సంచార వాహనాలు గ్రామాలకు వెళ్ళి మధుమేహం, రక్తపోటు గలవారిని పరీక్షించి మందులు ఇచ్చేవి.

2020 మార్చి 25న కేంద్ర ప్రభుత్వం దూరవైద్య మార్గదర్శకాలను ప్రకటించినది. వీటివలన వైద్యులు దూరం నుండి సలహా ఇచ్చుటకు, దీర్ఘవ్యాధుల మందులను కొనసాగించుటకు స్పష్టమైన నియమాలు ఏర్పడినవి. అదే సంవత్సరం ఏప్రిల్‌లో ఈ-సంజీవని సేవ ఇంటినుండే వైద్యుని సంప్రదించే వీలు కల్పించినది. ఈ సేవను అధికంగా వినియోగించుకొన్న రాష్ట్రాలలో ఆంధ్ర ప్రదేశ్ ఒకటి.

## ఫలితాలు

2013లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఆగ్నేయ భారతదేశానికి చెందిన 537 మంది పురుషులు పాల్గొన్నారు. వీరందరూ మధుమేహానికి ముందు దశలో ఉన్నవారే. ఆహారం, వ్యాయామం గురించి తరచుగా సంక్షిప్త సందేశాలు అందుకొన్నవారిలో రెండేళ్ళలో 18 శాతం మందికి మధుమేహం వచ్చినది. సందేశాలు అందనివారిలో ఇది 27 శాతం.

అన్ని ప్రయత్నాలూ ఇట్లు ఫలించలేదు. పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో స్మార్ట్‌హెల్త్ అను పథకాన్ని పరీక్షించారు. ఆశా కార్యకర్తలు ట్యాబ్లెట్ కంప్యూటర్లతో గుండెజబ్బు ముప్పు గలవారిని గుర్తించి వైద్యుని వద్దకు పంపేవారు. 2019లో వెలువడిన ఫలితాల ప్రకారం, రక్తపోటు అదుపులోనికి వచ్చినవారి నిష్పత్తిలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. ఇది మధుమేహానికి మాత్రమే పరిమితమైన అధ్యయనం కాకపోయినా ఇందులోని పాఠం దానికీ వర్తిస్తుంది. రోగిని గుర్తించుట కంప్యూటరు పని కావచ్చును. ఆ తరువాత వైద్యుడు అందుబాటులో ఉండాలి, మందు దొరకాలి, రోగి దానిని విడువక వాడాలి.

## జాగ్రత్తలు

'''కొలమానం:''' భారతదేశం, అమెరికాలలో చక్కెరను డెసిలీటరుకు మిల్లీగ్రాములలోను, బ్రిటన్, ఆస్ట్రేలియాలలో లీటరుకు మిల్లీమోల్స్‌లోను చూపుతారు. లీటరుకు ఒక మిల్లీమోల్ డెసిలీటరుకు సుమారు 18 మిల్లీగ్రాములకు సమానం. అక్కడి 7, ఇక్కడి 126 ఒకటే. విదేశాలలోని పిల్లలు ఇక్కడి తల్లిదండ్రుల విలువలను చూచేటప్పుడు అప్లికేషనులో కొలమానం సరిచూచుకొనవలెను.

'''చక్కెర తగ్గుట:''' విలువ 70 మిల్లీగ్రాములకన్న తగ్గినా, చెమట, వణుకు, తడబాటు కనిపించినా, అప్లికేషను సమాధానానికై వేచియుండరాదు. సుమారు 15 గ్రాముల పంచదార లేదా గ్లూకోజు తీసుకొని 15 నిమిషాల తరువాత మరల కొలవాలి. స్పృహ లేనివారి నోటిలో ఏమీ పోయరాదు, వెంటనే 108కి ఫోను చేయాలి. సెన్సరు విలువకు, శరీర లక్షణాలకు పొంతన కుదరనప్పుడు వేలికొన రక్తంతో సరిచూచుకొనవలెను.

'''మందుల మార్పు:''' ఇన్సులిన్ మోతాదును, మాత్రలను అప్లికేషను సలహాపై మాత్రమే మార్చుకొనరాదు. మధుమేహం పూర్తిగా నయమగునని చెప్పే ప్రకటనలను నమ్మి మందులు మానుట ప్రాణాపాయానికి దారితీయవచ్చును.

'''తెరపై జరగని పరీక్షలు:''' పాదంపై పుండు, కంటి లోపలి పొర, మూత్రంలో ప్రోటీను వంటివి నేరుగా పరీక్షింపవలసినవి. గత రెండు, మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్షను కూడా వైద్యుడు చెప్పిన వ్యవధిలో చేయించుకోవాలి.

'''గోప్యత:''' ఆరోగ్య వివరాలు సొంత ఆస్తి వంటివి. వ్యక్తిగత సమాచార రక్షణకై 2023లో దేశంలో చట్టం చేయబడినది. అయినను ఏ వివరాలు ఎవరికి చేరుతున్నవో చదివిన తరువాతనే అనుమతి ఇచ్చుట ఉత్తమం.

'''వృద్ధులు:''' చిన్న అక్షరాలు, ఆంగ్ల భాష, తరచుగా మారే తెరలు పెద్దవారికి అవరోధాలు. ఇటువంటివారికి కాగితపు పుస్తకంలో వ్రాసిన విలువలను కుటుంబసభ్యులు వారానికొకసారి ఫొటో తీసి వైద్యునికి పంపినా సరిపోతుంది. వైద్యుడు వాటిని చూచి సమాధానమిచ్చినచో, ఎవరూ చూడని ఖరీదైన అప్లికేషనుకన్న ఆ కాగితమే మేలు.