గాలిపై నిలిచిన బండి

పోయిన నెలలో మా కేంద్రమునకు వచ్చిన ఉత్తరములలో ఒకటి మమ్ము చాల ఆలోచింపజేసినది. వ్రాసినవారు ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు. వారి కుమారుడు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున నుండి, 1968వ సంవత్సరపు షెవర్లే సి-10 పికప్ ట్రక్కు నొకదానిని ముచ్చటపడి కొన్నాడట. ఇప్పుడు దాని ఉక్కు స్ప్రింగులను తీసివైచి, వాని స్థానమున రబ్బరు గాలితిత్తులను అమర్చుటకు పూనుకొన్నాడు. అదియును ఇంటి షెడ్డులో, సెలవుదినములలో, స్వయముగా. “స్ప్రింగు తీసి తిత్తి పెట్టడం గంట పని, మీరేమీ కంగారుపడకండి నాన్నగారూ. ఆ తర్వాత స్నేహితుడి 1955 ఫోర్డుకి కూడా మేమే పెట్టేస్తాం” అని టెలిఫోనులో చెప్పినాడట. తండ్రిగారు మమ్ము అడిగిన ప్రశ్న సూటిగా నున్నది: ఇంత బరువు గాలి మీద ఎట్లు నిలుచును? నిలువకపోయిన పిల్లవాని గతి యేమి?

గాలి బరువు మోయునా యను సందేహము మన రైతులకు లేదు. చెక్కచక్రముల నూడదీసి టైరుబండి కట్టుకొన్ననాడే వారికది తెలిసినది. టైరు మోసినట్లే తిత్తియు మోయును. కొలిమి దగ్గర కమ్మరి తొక్కు తిత్తిని తలచుకొనుడు. దానినే దళసరి రబ్బరుతో, లోపల దారముల అల్లికతో చేసి, క్రిందను మీదను ఉక్కు పళ్లెములు బిగించినచో అదియే బండి తిత్తి. అమెరికాలో జనరల్ మోటార్స్ వారు 1953లోనే బస్సులను వీనిపై నడిపిరి. 1954లో గ్రేహౌండ్ సంస్థవారి పెద్ద బస్సు సీనిక్రూయిజరు వీనితోనే బయలుదేరినది. మన రోడ్ల మీది వోల్వో బస్సు ఆగినప్పుడు క్రిందినుండి బుస్సుమని వినవచ్చు చప్పుడులో ఈ తిత్తుల గాలికిని భాగము కలదు.

కార్లలో మాత్రము కథ వేరుగా నడిచినది. 1957లో కాడిలాక్ ఎల్డొరాడో బ్రౌమ్ అను మిక్కిలి ఖరీదైన కారు నాలుగు తిత్తులతో వెలువడినది. మరుసటి యేడు ఆ సంస్థవారి తక్కిన కార్లకును అదనపు ధరకు వీనిని ఇవ్వజూపిరి. గాలి కారినది, ఉదయమున లేచి చూచునప్పటికి కారు ఒక ప్రక్కకు ఒరిగి యుండెడిది. యజమానులు విసిగి ఉక్కు స్ప్రింగులు వేయించుకొనిరి. కొలది యేండ్లలోనే ఆ ఏర్పాటు కార్లనుండి తొలగిపోయినది. బస్సులలో నిలిచి కార్లలో నిలువకపోవుటకు కారణము మాకు తోచినంతలో ఒక్కటే. బస్సుకు ప్రతి రాత్రియు డిపోలో చూచువారుందురు. గాలి నమ్మదగనిది కాదు గాని, నిత్యమును పరామర్శింపబడ గోరునది.

ఇక లెక్కకు వత్తము. ఖాళీ పికప్ ట్రక్కు వెనుక ఇరుసుపై ఒక్కొక్క ప్రక్క 600 పౌన్ల భారము పడుననుకొందము. తిత్తి పనిచేయు వైశాల్యము 25 చదరపుటంగుళములైనచో, చదరపుటంగుళమునకు 24 పౌన్ల ఒత్తిడి చాలును. ఇది మామూలు కారు టైరులోని గాలికంటె తక్కువ. తొట్టిలో 1000 పౌన్ల సామాను వేసి, అది వెనుక ఇరుసుపై రెండు ప్రక్కలకు సమముగా పడినచో, ఒత్తిడి 44 పౌన్లకు పెరుగవలెను. కంప్రెసరు ఆ మేరకు గాలి నింపును. బండి మునుపటి యెత్తుననే నిలుచును. ఉక్కు స్ప్రింగుకు ఈ నేర్పు లేదు. బరువున కనుకూలముగా చేసినచో ఖాళీబండి ఎగిరెగిరి పడును. ఖాళీబండి కనుకూలముగా చేసినచో బరువు వేయగానే కుంగును. గాలి ఎంత ఒత్తిడికి లోనైన అంత బిగువెక్కును. అందుచేత ఖాళీగా నున్నను నిండుగా నున్నను బండి ఊగు తీరు ఇంచుమించు ఒకటిగనే యుండును. తిత్తి గొప్పతనమంతయు ఇందే కలదు.

అయితే తిత్తిని ఎక్కడ పెట్టితిమన్నది ముఖ్యము. పై లెక్క ఇరుసు మీదనే పెట్టినప్పటిది. ఇరుసును పట్టియుంచు చేతి నడుమ పెట్టినచో, తులాదండ న్యాయము చొప్పున మోయవలసిన భారము రెండింతలగును: 24కు బదులు 48, 44కు బదులు 88.

తండ్రిగారి రెండవ ప్రశ్నకు సమాధానము తిత్తిలో లేదు. తీసివేయబడిన స్ప్రింగులో నున్నది. ఆ స్ప్రింగు ఇంతవరకు ఏయే పనులు చేయుచుండెనో ముందుగా విచారింపవలెను.

స్నేహితుని ఫోర్డును చూతము. అది ఎఫ్-100 అయినచో, 1953 నుండి 1956 వరకు వచ్చిన ఆ బండ్లకు ముందును వెనుకను కమాను పట్టీలే. మన లారీలకు నుండునవియు అవియే. కమాను కట్ట బండి బరువును మోయుటయే కాదు, ఇరుసును దాని స్థానమున పట్టియుంచును. ఇంజను చక్రములను ముందుకు త్రిప్పునపుడు ఇరుసు వెనుకకు తిరుగబోవును. దానిని ఆపునది కమాను. బ్రేకు వేసినపుడు ఇరుసు ఎదురుదిక్కునకు తిరుగబోవును. అప్పుడును ఆపునది కమానే. చక్రములు నెట్టు నెట్టును బండికి అందించునదియు, మలుపులో ఇరుసు ప్రక్కకు జారకుండ నిలుపునదియు అదియే. ఒక్క జీతమునకు నాలుగు కొలువులు చేయు పాతకాలపు నౌకరు వంటిది. గాలితిత్తి అట్లు కాదు. అది బరువును మోయును. మరి యే పనియు చేయదు. దానిని ప్రక్కకు నెట్టిన ప్రక్కకు పోవును, మెలిపెట్టిన మెలి తిరుగును.

కనుక కమానులు తీసిన బండికి మొదట కావలసినది తిత్తి కాదు, ఇరుసును పట్టు ఉక్కు కడ్డీలు. ఇరుసుకు ఇరుప్రక్కల రెండేసి చొప్పున నాలుగు కడ్డీలు చట్రమునకు కీళ్లతో బిగింతురు. ఇవి ఇరుసు ముందు వెనుకలకు పోకుండను, తిరుగకుండను ఆపును. ప్రక్కకు జారకుండ ఇరుసునుండి చట్రమునకు అడ్డముగా ఐదవ కడ్డీ నొకదానిని వేయుదురు. దానికి పాన్‌హార్డ్ కడ్డీ యని పేరు. ఆ పేరి ఫ్రెంచి కార్ల సంస్థనుండి వచ్చినది. ఈ కడ్డీ ఎంత పొడవై, నడుపు ఎత్తున ఎంత అడ్డముగా, భూమికి సమముగా నుండిన అంత మంచిది. పొట్టిదైనచో బండి లేచి దిగినపుడెల్ల ఇరుసును ప్రక్కకు లాగును. కడ్డీలు లేకుండ తిత్తులు పెట్టు అవివేకి యెవడును ఉండడు. కాని కడ్డీలను పట్టు బిళ్లలు పలుచనివైనను, వెల్డింగు పైపై పూతగా నిలిచి లోపలికి దిగకపోయినను ఫలిత మొక్కటే. ఆ అతుకు నిలిచియున్న బండిలో ఊడదు. వేగముగా పోవుచు బ్రేకు తొక్కినపుడే ఊడును.

కుమారుని సి-10 సంగతి కొంత మేలు. షెవర్లే వారు 1960 నుండి 1972 వరకు ఈ తరగతి బండ్లకు వెనుకవైపున చుట్ట స్ప్రింగులు వాడిరి. చుట్ట స్ప్రింగును తిత్తివలెనే బరువు మోయుట తప్ప వేరొకటి ఎరుగదు. కనుక ఇరుసును పట్టుటకు రెండు పొడవైన ఉక్కు చేతులను, ఒక అడ్డకడ్డీని కర్మాగారమువారే పెట్టియుంచిరి. ఆ చేతుల పద్ధతి ఎంత గట్టిదనగా, అమెరికాలోని నాస్కార్ పందెపు కార్లవారు దానిని తీసికొని, అగ్రశ్రేణి పోటీలలో 2021 వరకు వాడుకొనిరి. అట్టి బండిలో చుట్ట తీసి, దాని చోటనే తిత్తి పెట్టవచ్చును. పిల్లవాడు చెప్పిన గంట మాట ఈ బండి వెనుక భాగమునకు సగము నిజము. ఆ అనుభవముతో స్నేహితుని ఫోర్డు మీద చేయి వేసినచో ప్రమాదము.

సగమే నిజమని ఏల అంటిమనగా, తిత్తి పెట్టువారు బండిని నేలకు దించి చూచుకొనవలెనని కోరుదురు. చుట్ట స్ప్రింగు ఎన్నడును పోనిచ్చినంత క్రిందికి బండి దిగును. అప్పుడు ఇరుసు గొట్టము పైకి వచ్చి చట్రపు దూలమునకు తగులును. అందుకై ఇరుసు వచ్చుచోట దూలపు అడుగును అర్ధచంద్రముగా కోయుదురు. దూలమునకు బలము ముఖ్యముగా దాని మీది అంచునను క్రింది అంచుననే యుండును. క్రింది అంచు కోసినచో వెన్నెముకలో ఒక పూస తీసినట్లే. కోసిన చోటికంటె ముందుకును వెనుకకును పొడవుగా, దళసరి ఉక్కు బిళ్లను కోత ఆకారమునకు వంచి, అతికి, బోల్టులు కూడ వేయవలెను. ఈ పని చేతకానివాడు చేతనైన వెల్డరు నాశ్రయించుట చిన్నతనము కాదు.

తిత్తిని బిగించుటలో మెలకువలు కలవు. బండిని నడుపు ఎత్తున నిలిపి, మీది పళ్లెమును క్రింది పళ్లెమును ఒకదాని కొకటి సమముగా, నడుములు కలియునట్లు చూడవలెను. చేయి కీలుపై తిరుగుచు లేచును గావున, ఎత్తు మారినపుడు క్రింది పళ్లెము కొంచెము వాలును; ఆ వాలును నడుపు ఎత్తున లేకుండ చేసికొనుటయే ఉద్దేశము. తిత్తి అణగినపుడు లావెక్కును. అప్పటి లావును లెక్కించి, చుట్టును వ్రేలు దూరుటకైన చోటుండవలెను. చట్రపు అంచు, బోల్టు తల, టైరు, పొగగొట్టము వీనిలో ఏది తగిలినను రబ్బరు చిరుగును లేక కాలును. ఇంకొక మాట: తిత్తి అడ్డుకట్ట కాదు. గోతిలో పడినపుడు ఆ దెబ్బను తినుటకు వేరుగా రబ్బరు దిమ్మ యుండవలెను. బండి పైకెగిరినపుడు తిత్తి సాగి పళ్లెమునుండి ఊడకుండ షాక్ అబ్సార్బరో పట్టెడయో ముందుగా ఆపవలెను.

షాక్ అబ్సార్బర్లను వదలిపెట్టరాదు. తిత్తి ఊపును అణచదు. ముందు చక్రముల దగ్గర తిత్తి చుట్టకంటె లావుగా నుండుటచే షాక్ అబ్సార్బరుకు తరచు చోటు చాలదు. దానిని తీసివేసి ఊరకుండువారున్నారని వినుచున్నాము. అట్టి బండి ప్రతి గతుకు తరువాతను నావవలె ఊగును. బ్రేకు గొట్టములు బండి పూర్తిగా లేచినపుడు సాగిపోకుండ పొడవు చూచుకొనవలెను. చక్రముల అమరికను సరిచేయించుట కూడ నడుపు ఎత్తుననే.

గాలి గొట్టములలో ఒక సూక్ష్మము కలదు. కుడి ఎడమ తిత్తులను ఒకే గొట్టముతో కలిపినచో ఖర్చు తగ్గునని తోచును. కాని మలుపులో బరువు వెలుపలి ప్రక్కకు మొగ్గును. ఆ తిత్తిలోని గాలి గొట్టము గుండ లోపలి ప్రక్క తిత్తిలోనికి పారును. ఒరిగిన బండి మరింత ఒరుగును. అందుచేత ఏ తిత్తి వాల్వు దానికే యుండవలెను. గొట్టమును కత్తెరతో కాక గొట్టములు కోయు పనిముట్టుతో నిలువుగా కోసిననే బిగింపు దగ్గర కారదు. మరలకు చుట్టు తెల్లటి టేపు ముక్కలు లోపలికి పోయి వాల్వులో ఇరుకును. ద్రవరూపమైన లేపనము మేలు. పిమ్మట సబ్బునీరు పూసి బుడగలు చూడవలెను. ట్యాంకులో నీరు చేరును గావున అడుగున వదలుటకు మర యుండవలెను. కంప్రెసరు కరెంటు నెక్కువగా లాగును. దళసరి తీగ, రిలే, బ్యాటరీ దగ్గరనే ఫ్యూజు అవసరము. ఆ 1955 ఫోర్డు పుట్టుకతో 6 వోల్టుల బండి. ఫోర్డువారు 12 వోల్టులకు మారినది 1956లో. ఎవరును మార్చియుండనిచో 12 వోల్టుల కంప్రెసరు దానిపై నడువదు.

ఇది చదివి మన దేశమున తమ బండ్లకు తిత్తులు పెట్టుకొనదలచువారు 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షనును ముందు చూచుకొందురు గాక. కర్మాగారము ఇచ్చిన రూపమునుండి బండిని మార్చుటను అది నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానినే స్థిరపరచినది.

ఉత్తరము వ్రాసిన పెద్దలకు మా మనవి ఇది. తరువాత టెలిఫోను చేసినపుడు కుమారుని రెండు సంగతులడుగుడు. ఫోర్డుకు కడ్డీలు ఎవరు అతుకుచున్నారు? బండి క్రింద దూరునపుడు చట్రము దేనిపై నున్నది? జాకీ స్టాండ్ల మీద నున్నదని చెప్పినచో నిశ్చింతగా నుండవచ్చును. తిత్తులలో గాలి ఉన్నది గదా యని చెప్పినచో, ఆ పూట పని ఆపుమని చెప్పుడు. గొట్టము ఊడినచో ఆ బండి రెండు మూడు క్షణములలో నేలకు దిగును. క్రిందనున్న మనిషికి ప్రక్కకు జరుగుటకు ఆ వ్యవధి చాలదు.